మాట పోయింది, పాట మిగిలింది

ప్రశ్న: పక్షవాతంతో నాన్నగారి కుడిచెయ్యి పడిపోయింది. మంచినీళ్ళు కావాలన్నా "అదీ... అదీ..." అంటారు. భజనలో మాత్రం పదం తప్పకుండా పాడతారు! ఇదెలా డాక్టరుగారూ?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ఆయనకు మతి పోలేదమ్మా. మాటను కూర్చే బ్రోకా ప్రాంతం చాలామందికి మెదడు ఎడమవైపు, నుదుటి వెనక ఉంటుంది. కుడిచేతిని కదిలించే భాగమూ దాని దగ్గరే. అందుకే రెండూ కలిసి దెబ్బతిన్నాయి. 1861లో పారిస్‌లో పాల్ బ్రోకా అనే డాక్టరు చూసిన రోగి ఏమడిగినా "టాన్" అనేవాడు; చనిపోయాక చూస్తే గాయం అక్కడే ఉంది. పాటకు కుడి మెదడూ సాయపడుతుంది; అందుకే నాన్నగారు భజన పాడగలుగుతున్నారు.

స్పీచ్ థెరపిస్టుకు చూపించండి. వారి సలహాతో, ఎడమచేత్తో తాళం వేయిస్తూ "నీళ్ళు కావాలి" అని రాగం తీయించండి. మా పెద్దమ్మ అలాగే తొలిసారి కాఫీ అడిగింది. నాన్నగారు మాట వెతుక్కుంటుంటే మీరు అందించకండి, కాస్త ఆగండి.