నాలుగోసారికి పొడి చతికిలబడింది

ప్రశ్న: మాస్టారూ, ఎమ్మెస్సీ ప్రాజెక్టులో కాడ్మియం సల్ఫైడ్ పొడి వేసి మిథిలీన్ బ్లూ అనే నీలి రంగు కలిసిన నీళ్లను ఎండలో శుభ్రం చేస్తున్నాం. మొదటిసారి బ్రహ్మాండంగా పనిచేసింది. కడిగి, ఆరబెట్టి మళ్లీ వాడితే నాలుగోసారికి చతికిలబడింది. ఎక్కువకాలం మన్నే పదార్థాలు చెప్పమంటే ఏఐ ఆరు పేర్లిచ్చింది. మొదటిది బిస్మత్ వనడేట్. నమ్మొచ్చా? టెన్షన్‌గా ఉంది.
– ఒక విద్యార్థిని, మద్దిలపాలెం, విశాఖపట్నం

జవాబు: తప్పు నీ చేతిలో లేదమ్మా. వెలుతురు పడగానే పొడిలో ఎలక్ట్రాన్ లేచిపోయి, దాని చోట ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీ రంగు మీద పనిచేయాలి. కాడ్మియం సల్ఫైడ్‌లో అది సొంత గంధకాన్నే తినేస్తుంది, కాడ్మియం నీళ్లలోకి దిగుతుంది. అది విషం. ఆ నీళ్లు సింకులో పోయొద్దు, సీసాలో పట్టి ల్యాబ్‌లో అప్పగించు.

భీమిలి ఇసుకలో నల్లటి ఇల్మనైట్ చూసే ఉంటావు. అలాంటి ఖనిజం నుంచి తీసే టైటానియం డయాక్సైడ్ ఏళ్ల తరబడి మన్నుతుంది. 1972లో జపాన్ శాస్త్రవేత్తలు ఫుజిషిమా, హోండా దానితోనే, వెలుతురు సాయంతో నీటిని విడగొట్టి చూపారు. కానీ అది అతినీలలోహిత కాంతికే కదులుతుంది. ఎండలో ఆ వాటా నూటికి నాలుగైదు పాళ్లే.

ఇక ఏఐ సంగతి. 2019లో సుమారు 33 లక్షల పరిశోధనా సారాంశాలను ఒక భాషా నమూనా చేత చదివించారు. పాత పేపర్లు మాత్రమే ఇచ్చి చూస్తే, తర్వాతి ఏళ్లలో బయటపడిన, వేడిని కరెంటుగా మార్చే థర్మోఎలక్ట్రిక్ పదార్థాలను కొన్నింటిని అది ముందే ఎత్తిచూపింది. కాబట్టి ఆ ఆరు పేర్లను తీసిపారేయకు. అయితే చాలా పేపర్లు నాలుగైదుసార్లు వాడిన లెక్కతో ఆగిపోతాయి. ఆ తర్వాత పాడైందని రాసేవాళ్లు తక్కువ. ఎవరూ రాయనిది అది ఎక్కడ చదువుతుంది? లెక్చరర్‌గా ఉన్నప్పుడు ఒక పిల్లాడి రికార్డులో చెడ్డ రీడింగుల పేజీ నేనే చింపించాను. ఇవాళ్టికీ ఆ పేజీ గుర్తొస్తే బాధగా ఉంటుంది.

అందుకే ప్రశ్న మార్చి అడుగు: ఎన్ని గంటలు వాడారు, పీహెచ్ ఎంత, బిస్మత్ వనడేట్‌లోని వనేడియం నీళ్లలోకి ఎంత దిగింది, ఏ పేపర్లో ఉంది? చెప్పిన పేపర్‌ను తెరిచి నువ్వే చదువు. లేని పేపర్లు కూడా చెప్పేస్తుంది అది. తర్వాత పదిసార్లు వాడి చూడు. పొడి లేని గ్లాసొకటి ఎండలో, పొడి ఉన్నదొకటి చీకట్లో పెట్టడం మరవకు; మిథిలీన్ బ్లూ ఎండకు తనంతట తానే కొంత వెలిసిపోతుంది, పొడికి కొంత అంటుకుంటుంది. ఆ నాలుగోసారి రీడింగును మాత్రం తేదీతో సహా రికార్డులో ఉంచు, మీ గైడ్ వద్దన్నా సరే.