శుక్లం రాయిలా గట్టిపడితే కోత ఆపరేషనేనా?

ప్రశ్న: మా అమ్మకు 76 ఏళ్లు. కుడికంట్లో శుక్లం ‘పండాక’ తీయించుకుంటానని ఏళ్ల తరబడి వాయిదా వేసింది. ఇప్పుడు ఆ కంటికి వెలుతురు తప్ప ఏమీ తెలియడం లేదు. శుక్లం ముదురు గోధుమరంగుకు తిరిగి రాయిలా అయిందట, ఫాకో వద్దు, కోత పెట్టి తీస్తామంటున్నారు డాక్టరు. అది పాత పద్ధతి, హైదరాబాద్‌లో లేజర్ చేయిద్దామని తమ్ముడి పట్టు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, సూర్యాపేట

జవాబు: మీ డాక్టరుగారి మాట సబబుగానే ఉందమ్మా. ఫాకోలో 3 మిల్లీమీటర్ల లోపు రంధ్రంలోంచి సన్నటి పరికరం పంపి, అల్ట్రాసౌండ్‌తో శుక్లాన్ని ముక్కలు చేసి పీల్చేస్తాం. లేత శుక్లమైతే ఇట్టే అయిపోతుంది. కానీ రాయిలాంటి దాన్ని పగలగొట్టాలంటే చాలాసేపు, చాలా శక్తి వాడాలి, ఆ వేడీ తాకిడీ కార్నియా (నల్లగుడ్డు ముందుండే పారదర్శక పొర) లోపలి వరుసకు తగులుతాయి, అక్కడి కణాలు ఒకసారి పోతే మళ్లీ పుట్టవు. మరీ ఎక్కువ పోతే కార్నియాకు నీరుపట్టి మసకబారుతుంది. శుక్లం పోయినా చూపు రాదు! చేయి తిరిగిన సర్జన్లు గట్టి శుక్లాలకూ ఫాకో చేస్తారు, కాదనను, అయినా మా అమ్మకైతే నేను కోతే ఎంచుకుంటాను.

ఇది వెనకటి కుట్ల ఆపరేషన్ కాదు. తెల్లగుడ్డులో ఆరేడు మిల్లీమీటర్ల సొరంగంలా కోసి, గట్టి భాగాన్ని మొత్తంగా బయటికి తీసి లెన్స్ పెడతారు. కోత దానంతటదే మూసుకుంటుంది, మామూలుగా కుట్టు పడదు. సిలిండర్ పవర్ (కార్నియా వంపు అన్ని వైపులా సమానంగా లేకపోవడం వల్ల వచ్చే సైటు) కొంచెం పెరగొచ్చు, నెలా నెలన్నరకు అద్దాలు రాయించుకుంటే సరిపోతుంది.

తమ్ముడికి చెప్పండి, లేజర్ శుక్లాన్ని కరిగించదు. పైపొర కోసి, లోపల గాట్లు పెడుతుందంతే. మిగతాది మళ్లీ ఫాకోతోనే తీయాలి.

ఆపరేషన్‌కు ముందు బి-స్కాన్ (కంటి లోపలి భాగాన్ని అల్ట్రాసౌండ్‌తో చూసే పరీక్ష) చేయించారా? ఇంత ముదిరాక వెనక ఉన్న రెటీనా (బొమ్మ పడే తెర) డాక్టరుకు కనిపించదు, అది బాగుంటేనే చూపు మీద ఆశ పెట్టుకోవాలి. షుగరు, బీపీ అదుపులో ఉండాలి, వేసుకునే మాత్రలన్నీ చూపించండి (నాన్నగారి వయసు మగవాళ్లైతే ప్రోస్టేట్‌కు వాడే టామ్సులోసిన్ సంగతి తప్పక చెప్పాలి, దాంతో కనుపాప సరిగా విప్పుకోదు).

పండాలన్న మాట మాత్రం ఇక ఇంట్లో ఎవరి నోటా రానివ్వకండమ్మా. అలా పండనిస్తేనే ఒక్కోసారి కంటిలో ప్రెషర్ పెరిగి ఎర్రబడి, భరించలేని నొప్పి వస్తుంది. అలా వస్తే అదే రోజు పరుగెత్తాలి.

ఎడమ కంటి సంగతి మీరు రాయలేదు. అందులోనూ శుక్లం ఉంటే, ఇది కుదుటపడగానే తీయించేయండి. అది లేతగా ఉంటే ఫాకోతోనే పోవచ్చు.