కంప్లైంట్ క్లోజ్ అయింది, లైటు మాత్రం వెలగలేదు

ప్రశ్న: డ్యూటీ అయ్యి రాత్రి తొమ్మిదిన్నరకి బస్సు దిగుతాను. స్టాపు నుంచి ఇంటిదాకా సగం లైట్లు వెలగవు, ఓ పక్కంతా పొడుగాటి కాంపౌండ్ గోడే. యాప్‌లో కంప్లైంట్ పెడితే పరిష్కరించాం అని మెసేజ్ వచ్చింది, లైటు అలాగే ఉంది. మా కాలనీ ఆడవాళ్లం ఫోన్లతో ఇంకేమైనా చేయొచ్చా?
– ఒక పాఠకురాలు

జవాబు: తప్పకుండా చేయొచ్చండి, ఢిల్లీలో చేసి చూపించారు కూడా. ఆడవాళ్ల భద్రత మీద ఏళ్ల తరబడి పనిచేసిన కల్పనా విశ్వనాథ్, ఆశీష్ బసుతో కలిసి 2013లో సేఫ్టీపిన్ అనే యాప్ తెచ్చారు, అందులో ఒక చోటుకి మార్కులు వేయాలంటే తొమ్మిది విషయాలు చూస్తారు, లైటు వాటిలో ఒకటి. నడవడానికి దారి ఉందా, బస్సో ఆటోనో దగ్గర్లో దొరుకుతుందా, చుట్టూ కిటికీలు, షాపులు ఉండి మనం ఎవరికైనా కనబడతామా, జనంలో ఆడవాళ్లు ఉన్నారా, చివరికి అక్కడ నిలబడితే మీకెలా అనిపించింది అని కూడా అడుగుతారు. నాకు ఈ ఆఖరి ప్రశ్నే చాలా విలువైందనిపిస్తుంది, రోడ్డు వేసేటప్పుడు మనల్ని ఎవరూ అడగనిది అదే కదా. కార్లకి ఫోన్లు బిగించి రాత్రిళ్లు ఫొటోలు తీసి, 2016లో ఢిల్లీలో ఏడు వేలకు పైగా చీకటి చోట్లు గుర్తించారు, తర్వాత వాటిలో చాలావాటికి లైట్లు పడ్డాయి.

మీరూ ఇలాగే మీ రోడ్డు చూసి రాసుకోండి. అక్కడ ఆ గోడ కూడా సమస్యే, లైటు వెలిగినా అటు ఎవరి చూపూ పడదు, అది కూడా రాయండి. నలుగురైదుగురు కలిసి మీరు దిగే టైముకే నడవండి, పగలు చూస్తే ఏం తెలీదు. వెలగని ప్రతి స్తంభం దగ్గరా ఆగి దాని నంబరు కనబడేలా ఫొటో, లొకేషన్, టైము, పక్కన ఒక ముక్క, "కొమ్మ లైటుకి అడ్డం", "మ్యాన్‌హోల్ మూత లేదు, రోడ్డు మధ్యలో నడవాలి", అలాగ. మన సొంత మ్యాప్ తయారుచేసుకునే గూగుల్ మైమ్యాప్స్‌లో ఇవన్నీ ఫ్రీగా పిన్లు పెట్టుకోవచ్చు. తెల్లారకముందే ఊడ్చడానికి వచ్చే కార్మికులు, ఇళ్లల్లో పనిచేసేవాళ్లు, స్టాపు దగ్గర పూలమ్మే ఆవిడ, వాళ్లలో స్మార్ట్‌ఫోన్ లేనివాళ్లు చెబుతుంటే మీరు ఎక్కించండి, లేకపోతే ఫోన్ ఉన్నవాళ్ల వీధులకే లైట్లు వస్తాయి.

మ్యాప్ ప్రింట్ తీసి, క్లోజ్ చేసిన కంప్లైంట్ స్క్రీన్‌షాట్, తర్వాత తీసిన రాత్రి ఫొటో పక్కపక్కన పెట్టి, అందరి సంతకాలతో వార్డు ఆఫీసులో ఇచ్చి రసీదు తీసుకోండి. రెండు వారాలాగి మళ్లీ నడవండి, మారనివి మళ్లీ ఇవ్వండి. మ్యాప్ అందరికీ కనబడేలా పెడితే మాత్రం ఎవరు ఏ టైముకి ఒంటరిగా వస్తారో అందులో రాయొద్దు, ఫొటోల్లో మొహాలు, ఇంటి నంబర్లు పడకుండా చూసుకోండి.