టెక్సాస్ చట్టం, మీ పాప ఇంజెక్షన్

న్యూజెర్సీ నుంచి డాలస్‌కి మారుతున్న ఒక చెల్లెలు అడిగింది: "అన్నయ్యా, మా పాపకి ఏడేళ్లు. తొందరగా పెద్దమనిషి అయిపోయే లక్షణాలున్నాయని డాక్టర్ మూడు నెలలకోసారి ఇంజెక్షన్ ఇస్తున్నారు. టెక్సాస్‌లో పిల్లలకి ఆ మందు బ్యాన్ చేశారట. ఈ ఉద్యోగం వదులుకోమంటావా?"

వదులుకోనక్కర్లేదమ్మా. నువ్వు విన్నది సెనేట్ బిల్ 14 గురించి. 2023 జూన్‌లో గవర్నర్ గ్రెగ్ అబాట్ సంతకం చేశారు, సెప్టెంబర్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. 2024 జూన్‌లో టెక్సాస్ సుప్రీంకోర్టు కూడా సమర్థించింది. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలకి లింగమార్పిడి కోసం ప్యూబర్టీ బ్లాకర్లు (యుక్తవయసు మార్పుల్ని ఆపి ఉంచే మందులు), హార్మోన్లు, సర్జరీలు ఇవ్వకూడదన్నది దాని సారం. ఇస్తే డాక్టర్ లైసెన్స్ పోతుంది. మీ పాపకి ఇచ్చేదీ అదే రకం మందు కాబట్టి భయం సహజమే. కానీ ఆడపిల్లల్లో ఎనిమిదేళ్ల లోపే, మగపిల్లల్లో తొమ్మిదేళ్ల లోపే ఆ లక్షణాలు మొదలైతే దాన్ని డాక్టర్లు 'ప్రికాషస్ ప్యూబర్టీ' అంటారు, దానికి చేసే చికిత్సకి చట్టంలోనే మినహాయింపు రాసి ఉంది. అయితే పాత డాక్టర్ దగ్గర రికార్డులు ముందే తీసుకో, మందు ఎందుకిస్తున్నారో వాటిలో స్పష్టంగా ఉండాలి. ఇన్సూరెన్స్ మారితే ప్రయర్ ఆథరైజేషన్ (మందుకి కంపెనీ ఇచ్చే ముందస్తు అనుమతి) మళ్లీ మొదటికొస్తుంది. పిల్లల ఎండోక్రినాలజిస్ట్ (హార్మోన్ల డాక్టర్) అపాయింట్‌మెంట్ అంత తొందరగా దొరకదు. ఇల్లు వెతకడం కంటే ముందు ఆ ఫోన్ చెయ్యి.

ఇక వాట్సాప్‌లో తిరిగే వార్తల సంగతి. టెక్సాస్ శాసనసభ బేసి సంవత్సరాల్లో జనవరి నుంచి 140 రోజులు కూర్చుంటుంది. బిల్లులు వేలల్లో పడతాయి, చాలావరకు కమిటీ దాటవు. బిల్లు పెట్టిన రోజే "చట్టం వచ్చేసింది" అని మనవాళ్లు ఫార్వర్డ్ చేసేస్తారు. శాసనసభ వెబ్‌సైట్‌లో బిల్లు నంబర్ కొడితే ఎక్కడిదాకా వచ్చిందో కనిపిస్తుంది. ఏ రాష్ట్రం దారి ఆ రాష్ట్రానిదే. 2021లో ఆర్కాన్సా గవర్నర్ వీటో చేసినా సభ దాన్ని తోసిపుచ్చి ఇలాంటి మొదటి చట్టం తెచ్చింది. కాలిఫోర్నియా ఇలాంటి చికిత్స కోసం వచ్చే కుటుంబాలకి రక్షణగా చట్టం చేసుకుంది. 2025 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు టెనెసీ నిషేధాన్ని 6-3తో సమర్థించింది. వెనక్కి తిరగని నిర్ణయాలు పిల్లల చేత చేయించకూడదని ఒక వర్గం, అది తల్లిదండ్రులు, డాక్టర్లు తేల్చుకోవాల్సిన విషయమని అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ లాంటి సంస్థలు వాదిస్తున్నాయి.

మీలో ఎవరింట్లోనైనా పిల్లవాడో పిల్లో "నేను మీరనుకునేలా లేను" అని చెబితే ఒక్కటి గుర్తుంచుకోండి: ఈ చట్టం కౌన్సెలింగ్‌ని ఆపలేదు. మంచి థెరపిస్ట్ దగ్గరికి టెక్సాస్‌లో కూడా వెళ్లొచ్చు. "హైదరాబాద్ తీసుకెళ్లి ఎవరికైనా చూపిస్తే మారిపోతారు" అనే పెద్దల మాట మాత్రం వినకండి. అలా మార్చేస్తామనే కన్వర్షన్ థెరపీని ఇండియాలో డాక్టర్లని నియంత్రించే మన నేషనల్ మెడికల్ కమిషన్ 2022లోనే వృత్తిపరమైన దుష్ప్రవర్తనగా ప్రకటించింది. అమ్మమ్మకి, నాన్నమ్మకి ఎప్పుడు చెప్పాలన్నది పిల్లల్నే అడగండి. వాళ్లు సరేనన్నాకే ఇండియాకి ఫోన్ చెయ్యండి.