ఆక్యుపంక్చర్ ఏయే సమస్యలకు ఉపయోగపడుతుంది?

శరీరంలోని నిర్దిష్ట బిందువుల్లో సన్నని సూదులు గుచ్చే ఆక్యుపంక్చర్ చికిత్సతో ఏ జబ్బులు నయమవుతాయని అడిగేవారికి, నయం కావడం కంటే ఉపశమనం కలగడం అన్న మాటే సరిగ్గా సరిపోతుంది. దీర్ఘకాలిక నడుము నొప్పి, మెడ నొప్పి, కీళ్ల అరుగుదల వల్ల వచ్చే మోకాళ్ల నొప్పి, ఒత్తిడి తలనొప్పి, మైగ్రేన్ వంటి వాటి విషయంలోనే దీనికి చెప్పుకోదగ్గ ఆధారాలున్నాయి. మైగ్రేన్ పదేపదే రాకుండా వాడే ప్రధాన మందులు పనిచేయనివారికి, లేదా పడనివారికి, 5 నుంచి 8 వారాల్లో 10 విడతల వరకు ఈ చికిత్సను పరిశీలించవచ్చని బ్రిటన్‌లో చికిత్సలపై మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ 2012లో సూచించింది.

శస్త్రచికిత్స తరువాత వచ్చే వికారానికి, ముంజేతి లోపలివైపు, మణికట్టు ముడతకు మూడు వేళ్ల వెడల్పు ఎగువన, చేతికి తాళ్లలా తగిలే రెండు స్నాయువుల నడుమ ఉండే బిందువును ఎంచుకుంటారు. సూది గుచ్చకుండా అక్కడ వేలితో నొక్కినా కొందరికి వాంతులు తగ్గుతాయి.

అయితే అసలు చికిత్సలా అనిపించేలా చేసే ఉత్తుత్తి సూదుల చికిత్సతో పోల్చి చూసిన పరీక్షల్లో తేడా తరచూ స్వల్పంగానే కనిపించింది. క్యాన్సర్‌ను, మధుమేహాన్ని ఇది పోగొడుతుందనే ప్రచారాన్ని మాత్రం అసలే నమ్మకూడదు. రక్తాన్ని పలచబరిచే మందులు వాడేవారు ఆ సంగతి చికిత్స చేసేవారికి ముందే చెప్పాలి. ఒక్కసారి వాడి పారేసే సూదుల ప్యాకెట్టును మన కళ్లెదుటే విప్పించుకోవాలి.