చూరు గీత ఎందుకు విరిగిందంటే

బరంపురం

చిట్టితల్లీ,

తాతగారి ఇంటి అరుగంతా ఏడు ఫొటోలుగా తీసి అతికించి పంపావు కదా, చాలాసేపు చూశాను. చూరు గీత నాలుగో స్తంభం దగ్గర మెట్టులా విరిగింది. రెండు చివర్లూ కిందికి వంగాయి. ఇవి రెండూ ఒకే తప్పు కాదమ్మా.

విరగడం తీసేటప్పుడే జరిగింది. ఫోన్ చేత్తో పట్టుకుని నువ్వు గుండ్రంగా తిరిగావు. అలా చేస్తే ఫోన్ ఒక్కచోట ఉండదు, నీ చుట్టూ తిరుగుతుంది. దాంతో దగ్గరున్న స్తంభం ఒకలా, వెనకున్న గోడ ఇంకోలా జరుగుతాయి. ఫోన్‌నే ఇరుసు చేసి, దాని చుట్టూ నువ్వు అడుగులు వెయ్యి. నా ట్రైపాడ్, దాని మీది జారుడు పట్టీ తీసుకెళ్తే ఇంకా మంచిది. గేటు ఊచ, దూరంగా ఉన్న కరెంటు స్తంభం ఒకే వరుసలో కనిపించేలా కెమెరా పెట్టు. ఎడమకీ కుడికీ తిప్పు. వాటి మధ్య సందు కనబడితే, అది పోయేదాకా కెమెరాని పట్టీ మీద ముందుకో వెనక్కో జరుపు. మన వీధిలో చీరకి కుంభం అంచు నేసేవాళ్లు పోగు పోగూ చూసుకుంటారే, అంత ఓపిక ఇక్కడ పెట్టాలి. ఇది కుదరకపోతే తర్వాత కంప్యూటర్లో ఎంత కష్టపడినా అతుకు కనిపిస్తూనే ఉంటుంది.

ఇక వంపు. అతికించేటప్పుడు నువ్వు సిలిండ్రికల్ ఎంచుకున్నావు, అంటే బొమ్మని గొట్టం లోపలి గోడ మీద పరిచినట్టు చూపే పద్ధతి. అందులో నిలువు గీతలు నిలువుగానే ఉంటాయి గానీ, చూరు లాంటి అడ్డగీత వంగక తప్పదు. ఫొటోలు అతికించే హగిన్ ప్రోగ్రాంలో రెక్టిలీనియర్ పద్ధతి పెట్టు, తిన్ననివన్నీ తిన్నగా వస్తాయి. బొమ్మలో కనిపించే వెడల్పు వంద డిగ్రీలు దాటనివ్వకు, దాటితే చివరి స్తంభాలు లావుగా సాగిపోతాయి.

తర్వాత గీతలు గుర్తించు. హగిన్ తెర మీది ఎడమ, కుడి కిటికీలు రెండింట్లో ఒకే ఫొటో తెరిచి, తలుపు చట్రం పైన ఒక చుక్క, కింద ఒక చుక్క పెట్టి, నిలువు గీత అని చెప్పు. మొదటి ఫొటోలో ఒకటి, చివరి ఫొటోలో ఒకటి తప్పకుండా ఉండాలి. చూరుకి మాత్రం కొత్త సరళరేఖ తెరిచి, అది కనిపించే ఫొటోలన్నిట్లో అదే గీత నంబరుతో చుక్కలు పెట్టు.

ఏ గీతని నమ్ముతున్నావో చూసుకో. ఒకసారి గోపాలపూర్ బీచ్‌లో, ఒరిగిన స్తంభాన్ని నిలువనుకుని గుర్తుపెట్టాను. సముద్రమే ఒక పక్కకి వాలిపోయింది. అక్కడ నేను నమ్మాల్సింది నీళ్లూ ఆకాశమూ కలిసే గీతని. కరెంటు తీగ ఎప్పుడూ కిందికి జారే ఉంటుంది, దాని మీద చుక్క పెట్టకు. తాతగారి అరుగు స్తంభాల్లో రెండోది ఒరిగింది, మేస్త్రి గుండు వేలాడదీసి చూపించాడు నాకు. దాన్నీ వదిలెయ్యి.

ఫొటోకీ ఫొటోకీ వెలుగు మారకుండా ఎక్స్‌పోజర్ లాక్ చేసి, ఫొటోకీ ఫొటోకీ మూడో వంతు కలిసేలా మళ్లీ తియ్యి. పొద్దున ఏడింటికి వెళ్లు, అప్పటికి అరుగు ముందు స్కూటర్లు పెట్టరు. అతికించినది ఒక్కటే కాదు, విడి ఫొటోలు కూడా నాకు పంపు.

మీ పెదనాన్న