నరమా, సిరా? సాంద్రతా, గాఢతా?

సందేహం: మూర్ఛ మందుల గురించి, బంగారు నానోకణాల గురించి ఒక సైన్సు వ్యాసంలో ఇలా రాశాను: "మూర్ఛ రోగి నరంలోంచి రక్తం తీసి, అందులో మందు సాంద్రతను కొలుస్తారు. అది తగ్గితే మోతాదు పెంచుతారు. మరుగుతున్న ద్రావణంలో సిట్రేట్ బంగారాన్ని తగ్గించి, కణాల పెరుగుదలను కలిగిస్తుంది." చదివినవాళ్లు గందరగోళంగా ఉందంటున్నారు. ఇందులో వ్యాకరణ దోషం ఏమైనా ఉందా?

సమాధానం: వ్యాకరణానికి ఢోకా లేదు. మాటలు కూడా అందరికీ తెలిసినవే. చిక్కల్లా, వాటిలో చాలావాటికి రెండేసి అర్థాలుండటం. మామూలు మాటల్లో సందర్భమే ఆ రెండింటినీ విడదీస్తుంది. నాడీవైద్యం, రక్తపరీక్ష, రసాయనశాస్త్రం ఒకే పేరాలో కలిస్తే ఆ సాయం దొరకదు.

ముందు నరం సంగతి. వాడుకలో రక్తం పారేదీ నరమే, స్పర్శ తెలిపేదీ నరమే. "నరానికి ఇంజెక్షన్" అన్నప్పుడు సూది దిగేది సిరలోకి. "నరాల డాక్టరు" చూసేది నాడులను. నాడీవ్యాధి గురించిన వాక్యంలో "నరంలోంచి రక్తం" అంటే చదివేవాడు ఒక క్షణం ఆగక తప్పదు. రక్తం తీసేచోట సిర అనండి. మెదడు సంకేతాలు మోసేదాన్ని నాడి అంటారో నరం అంటారో మీ ఇష్టం, కానీ చివరిదాకా ఒకే మాట వాడండి.

మూర్ఛ ఇంకా తిరకాసుది. మూర్ఛపోవడం అంటే స్పృహ తప్పడం, మూర్ఛ రావడం అంటే ఫిట్స్. తేడా అంతా క్రియలోనే ఉంది. "మూర్ఛ రోగి"లో క్రియ లేదు కాబట్టి ఆ తేడా పోయింది. స్పృహ తప్పని ఫిట్స్ కూడా ఉంటాయి కనుక ఇది పట్టించుకోవాల్సిన విషయమే. ఆయుర్వేదంలోని అపస్మారం అనే పేరు తెచ్చుకుందామా అంటే, పత్రికల పుణ్యమా అని "అపస్మారక స్థితి" అంటే స్పృహలేని స్థితి అనే అందరికీ అర్థమవుతోంది. "మూర్ఛవ్యాధి ఉన్నవారు" అంటే సరిపోతుంది. ఒక్కొక్కసారి వచ్చేదాన్ని ఫిట్స్ అనడానికి మొహమాటపడకండి.

అసలు తప్పు "మందు సాంద్రత" దగ్గర జరిగింది. సాంద్రత, గాఢత రెండూ ద్రవ్యరాశిని ఘనపరిమాణంతో భాగిస్తే వచ్చేవే కాబట్టి చాలామంది ఒకదానికి బదులు ఇంకొకటి వాడేస్తారు. కానీ సాంద్రతలో లెక్కించేది ఆ ద్రవం మొత్తం బరువును. రక్తం సాంద్రత మిల్లీలీటరుకు సుమారు 1.06 గ్రాములు. గాఢతలో లెక్కించేది అందులో కరిగి ఉన్న పదార్థాన్ని మాత్రమే. ఫెనిటాయిన్ అనే మూర్ఛ మందు గాఢత లీటరుకు 10 నుంచి 20 మిల్లీగ్రాముల మధ్య ఉండాలని చూస్తారు, కార్బమజెపిన్ అనే మరో మందుకైతే 4 నుంచి 12. ఇక "రక్తంలో మందు" అనగానే కొందరికి తాగి బండి నడిపినవాళ్లు గుర్తొస్తారు. ఔషధం అంటే ఆ బెడద ఉండదు.

"అందులో" అంటే ఎందులో? కొలిచేది సాధారణంగా సీరంలోనో ప్లాస్మాలోనో. రక్తాన్ని గడ్డకట్టనిచ్చి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే పైన తేలేది సీరం. గడ్డకట్టకుండా హెపారిన్ లాంటిది కలిపి తిప్పితే వచ్చేది ప్లాస్మా. అందులో రక్తం గడ్డకట్టడానికి కావలసిన ఫైబ్రినోజెన్ అనే ప్రోటీన్ మిగిలి ఉంటుంది. రెండింటికీ రక్తరసం అనే ఒకే పేరు పెట్టేస్తే ఈ తేడా మాయమవుతుంది. ఈ రెండు మాటలనూ తెలుగు లిపిలో ఉన్నదున్నట్టు రాయడమే మేలు.

"అది తగ్గితే మోతాదు పెంచుతారు" అన్న వాక్యం భాషగా చిన్నదే, నమ్మితే మాత్రం ప్రమాదకరం. ఫెనిటాయిన్‌లో దాదాపు 90 శాతం రక్తంలోని ఆల్బుమిన్ అనే ప్రోటీన్‌కు అంటుకుని ఉంటుంది. పనిచేసేది అంటుకోకుండా విడిగా ఉన్న మిగతా భాగమే. ఆల్బుమిన్ డెసిలీటరుకు 2 గ్రాములకు పడిపోయిన రోగిలో మొత్తం గాఢత లీటరుకు 8 మిల్లీగ్రాములు అని వచ్చిందనుకోండి. షైనర్–టోజర్ సూత్రం ప్రకారం ఆల్బుమిన్‌ను 0.2తో గుణించి 0.1 కలిపితే 0.5 వస్తుంది. 8ని దానితో భాగిస్తే 16. అంటే తక్కువగా కనిపించినది నిజానికి చాలినంత ఉందన్నమాట. ఇది అంచనా మాత్రమే, వీలైతే విడి ఔషధాన్నే కొలవడం మంచిది. ఇదేమీ చూడకుండా మోతాదు పెంచితే, ఫెనిటాయిన్‌ను విరగ్గొట్టే కాలేయ ఎంజైములు అప్పటికే నిండిపోయి ఉంటాయి కనుక, మోతాదు కొంచెమే పెరిగినా గాఢత ఎక్కువగా పెరుగుతుంది. కనుగుడ్లు అదరడం, నడక తూలడం మొదలవుతాయి. కాబట్టి "అది" తీసేసి "మొత్తం గాఢత" అని రాయండి. రక్తం ఎప్పుడు తీశారో కూడా చెప్పాలి. మాత్ర వేసుకున్న కాసేపటికి తీసిన అంకెనూ, మరుసటి మాత్రకు ముందు తీసిన అంకెనూ పక్కపక్కన పెట్టి పోల్చకూడదు.

బంగారం వాక్యంలో "తగ్గించి" అన్నది ఇంగ్లీషు "రెడ్యూస్"కు నిఘంటువు చూసి వేసిన మాట. సిట్రేట్ వల్ల బంగారం ఏమీ తగ్గదు. బంగారు అయాన్లు ఎలక్ట్రాన్లను తీసుకుని లోహంగా మారతాయి. దానికి పాఠ్యపుస్తకాల్లో స్థిరపడిన మాట క్షయకరణం. క్షయ వినగానే దగ్గు గుర్తొచ్చినా సరే, ఇక్కడ దీనికి బదులు లేదు.

"కణాల పెరుగుదల"లో రెండు మాటలూ జారేవే. తెలుగులో జీవులదీ కణమే, లోహానిదీ కణమే. నాడీకణాలు కూడా ఉన్న వ్యాసంలో ఒట్టి "కణాలు" అనకండి. లోహానికి రేణువు అనండి. పెరిగింది సంఖ్యా, పరిమాణమా అన్నది ఇంకో ప్రశ్న. 1951లో టర్కెవిచ్ బృందం వివరించిన పద్ధతిలో క్లోరోఆరిక్ ఆమ్లం అనే బంగారు సమ్మేళనపు పలచని ద్రావణం మరుగుతుండగా సిట్రేట్ (సిట్రిక్ ఆమ్లపు లవణం) కలిపితే కొన్ని నిమిషాల్లో ద్రవం ఎర్రబడుతుంది. ముందు కేంద్రకాలు, అంటే కొద్ది బంగారు పరమాణువులు చేరిన బుల్లి ముద్దలు, ఏర్పడతాయి, తర్వాత వాటి మీద బంగారం పేరుకుంటుంది. సిట్రేట్ పాళ్లు తగ్గిస్తే రేణువులు పెద్దవవుతాయని ఫ్రెన్స్ 1973లో చూపాడు. ఇదీ పెరగడం. ఉప్పు పడితే ఎరుపు నీలంగా మారుతుంది. అప్పుడు ఏ రేణువూ పెరగలేదు, ఒకదానికొకటి దగ్గరై గుంపుకట్టాయి. సిట్రేట్ పూత ఇచ్చిన రుణావేశాల వికర్షణను ఉప్పు అయాన్లు కప్పేయడమే కారణం. దీన్ని గడ్డకట్టడం అనకండి, ఆ మాట రక్తానికి కావాలి. ఇలాంటి ద్రవాన్ని పాఠ్యపుస్తకాలు కాంజికాభ ద్రావణం అన్నాయి. గంజిలాంటిదని అర్థం చెబితే గానీ ఇవాళ ఎవరికీ తెలియదు, కొల్లాయిడ్ అనడమే నయం.

"పెరుగుదలను కలిగిస్తుంది" బదులు క్రియకే పని చెప్పండి. మొత్తం ఇలా మార్చవచ్చు:

"మూర్ఛవ్యాధి ఉన్నవారికి ఉదయం మాత్ర వేసుకోకముందే సిర నుంచి రక్తం తీసి, సీరంలో ఔషధ గాఢతను కొలుస్తారు. ఫెనిటాయిన్ మొత్తం గాఢత తక్కువగా వస్తే, ఆల్బుమిన్ ఎంతుందో చూశాకే మోతాదు మార్చాలో లేదో నిర్ణయిస్తారు. మరుగుతున్న ద్రావణంలో సిట్రేట్ బంగారు అయాన్లను క్షయకరణం చేస్తుంది. మొదట కేంద్రకాలు ఏర్పడి, వాటి మీద బంగారం పేరుకుంటూ నానోరేణువులు పెద్దవవుతాయి."